మూడో చరణానికి అర్థం

హోసూరు
22 ఆగస్టు 2024

అలివేలు వదినకు, కస్తూరి రాస్తున్నది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. సహన నిశ్చితార్థం అయినప్పటినుంచి నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు తీయడం లేదు. ఒకవేళ తీసినా మా అన్న స్పీకర్లో పెట్టి "మాట్లాడు కస్తూరీ, ఇద్దరమూ వింటా ఉండాం" అంటాడు. ఇది మా అన్న వినాల్సిన మాట కాదు. అందుకే మన పాత్రల అంగడి వ్యాన్ నడిపే మాదేశ్‌తో పంపుతున్నాను. నీ చేతికే ఇవ్వమని చెప్పాను.

ముందు మంచి మాటలు. విందు బాగుందని అందరూ అన్నారు. లక్ష్మణప్ప ఈ వయసులోనూ వంట చెడగొట్టలేదు. సహన ముఖంలో ఆ రోజు కనిపించిన వెలుగు నువ్వు చూశావు కదా. పోయినసారి సంబంధం తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయినప్పుడు ఆ పిల్ల ఎన్ని నెలలు గదిలోంచి బయటికి రాలేదో కూడా చూశావు. ఈ నితిన్‌ను అది ఆఫీసులో తానే ఇష్టపడింది. వాళ్ళు నెల్లూరు వైపునుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ నాన్న జనార్ధనరావుగారు ఇక్కడ ఫ్యాక్టరీలో మేనేజరు. ఈ సంబంధం కూడా పోతే నా బిడ్డను నేను మళ్ళీ మనిషిని చేయలేను.

ఇప్పుడు అసలు సంగతి. భోజనాల దగ్గర నువ్వు పాడిన వియ్యపురాలి పాట. మన ఇళ్ళలో పిల్లవాడి తల్లిని ఆటపట్టించి పాడతాం, ఆమె నవ్వుతుంది, మనమూ నవ్వుతాం. ఆ రోజూ నవ్వారు. అయితే నితిన్ అక్క చాందిని దాన్ని ఫోన్లో తీసుకుంది. ఇంటికి పోయి పదేపదే విని, కాగితం మీద రాసి నాకు పంపింది. ఇదీ అది.

విందుకు వచ్చిరి వియ్యాలవారు వీధులు నిండా
విస్తరి ఎవరిదో అడిగి కూర్చోండి వియ్యపురాలా

ముందరి బంతిలో మురిపెం చూడు, నవ్వులు చూడు
వెనకటి బంతిలో ఆకలి చూడు వియ్యపురాలా

వంటలగదిలో మూలన ఎవరో పెద్దాయనమ్మా
తెల్లని చేతులు దాచుకు తినెనే వియ్యపురాలా

పప్పులో ఉప్పు తగ్గిందంటే చెప్పి పోండి
కన్నీట ఉప్పు కలిపి పెడుదుము వియ్యపురాలా

"మా వైపు కూడా ఇలాంటి పాటలు పాడతారండీ, కానీ వాటిలో ఏడుపు ఉండదు. మూడో చరణంలో ఆ పెద్దాయన ఎవరు? చేతులు ఎందుకు దాచుకున్నాడు?" అని అడిగింది. పాత పాట, అర్థం మా వదినకే తెలుసని తప్పించుకున్నాను. "అయితే ఆవిడచేత రాయించి పంపండి" అంది.

వదినా, ఒక్కొక్క చరణానికి చల్లటి అర్థం రాసి పంపు. నీ చేతిరాత ఉంటే నమ్ముతారు. ఇంతకంటే నేను అడిగేది ఏమీ లేదు.

నీ ఆడబిడ్డ
కస్తూరి

*

కృష్ణగిరి
26 ఆగస్టు

కస్తూరమ్మకు,

మాదేశ్ వచ్చినప్పుడు మీ అన్న అంగడిలో ఉన్నాడు. లేకపోతే నీ ఉత్తరం ముందు ఆయనే విప్పి చదివేవాడు. ఆయనకు షుగర్ మళ్ళీ ఎక్కింది. బెల్లం డబ్బా మూత బిగించి పైన పెట్టాను, స్టూలెక్కి తిన్నాడు. నీలం మామిడికాయలు ఇంకా అక్కడక్కడా వస్తున్నాయి, ఒక సంచి పంపుతున్నాను. మా పిల్ల మేఘ ఉద్యోగం చేసుకుంటూ బాగలూరులోనే ఉంది, ఆదివారం ఆదివారం వచ్చిపోతోంది. మహేంద్ర అని ఒక పిల్లవాడి వాళ్ళు అక్టోబరులో దాన్ని చూడడానికి వస్తామన్నారు. జాతకాలు కుదిరాయి. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

నువ్వడిగిన అర్థాలు వేరే కాగితం మీద రాశాను. అది వాళ్ళకు చూపించు. విస్తరి ఎవరిదో అడగమంటే వియ్యపురాలికి మర్యాద ఎక్కువని అర్థం. వెనక బంతిలో ఆకలి అంటే, వడ్డించే మేము మీ తర్వాతే తింటామని అర్థం. పెద్దాయన వంటవాడు, చేతులకు బియ్యప్పిండి అంటింది. కన్నీళ్ళు ఉల్లిపాయలు తరిగినందుకు. చాలునా?

ఈ కాగితం మాత్రం నీకే. ఆ పాట నువ్వు మొదటిసారి వినలేదు. మీ ఇంట్లో అడుగు పెట్టినప్పటినుంచి ప్రతి పెళ్ళిలో నేను ఏదో ఒకటి పాడుతూనే ఉన్నాను, ఎప్పుడూ అర్థం అడగలేదు నువ్వు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ పని. చాందిని అడిగింది, సరే. నీకు అర్థం తెలియదా?

అలివేలు

*

హోసూరు
3 సెప్టెంబరు

వదినా,

నీ బియ్యప్పిండి నా కొంప ముంచింది.

చాందిని నీ కాగితం చదివి "పిండి చేతులైతే కడుక్కుంటారు గానీ దాచుకోరు కదండీ" అంది. అంతటితో ఊరుకోలేదు. ఆమె దగ్గర లక్ష్మణప్ప నంబరు ఉంది, వాళ్ళింట్లో ఏదో పూజకు వంట మాట్లాడుకుందామని తీసుకుంది. ఫోన్ చేసి పాట సంగతి అడిగితే ఆ మనిషి దాపరికం లేకుండా చెప్పేశాడు. "ఉండె గదమ్మా, కస్తూరమ్మ పెళ్ళిలో ఒకాయన. పెండ్లికూతురి దిక్కు పెద్దాయన. చేతులంతా బొల్లి. బంతిలోనుంచి లేపుకొని వచ్చినారు, మేము ఆడ సామాను గదిలో ఆకు వేసినాం" అన్నాడట. ఎవరి నాన్నో ఆయనకు తెలియదు. పెళ్ళికూతురి వైపు అంటే పెళ్ళికూతురి రక్తమే అని వీళ్ళు అనుకున్నారు.

ఆ తర్వాత జరిగింది విను. సహనను వాళ్ళు చెప్పిన చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. చాందిని పక్కనే నిలబడింది. మోకాలి మీద పిల్ల స్కూటర్ మీదినుంచి పడినప్పటి మచ్చ ఒకటి ఉంది కదా, దానికి ఫోటో తీసింది. డాక్టరమ్మ ఏమీ లేదని చెప్పింది. "ఇవాళ లేదు, రేపు రాదని ఎవరు చెప్పగలరు? ఇంట్లో ఉన్నదా లేదా అదే చూడాలి" అని నితిన్ తల్లి అంది. సహన ఇంటికి వచ్చి స్నానాలగదిలో కొళాయి తిప్పి కూర్చుంది. ఎంత పిలిచినా రాలేదు. నితిన్ ఫోన్ చేసి "అమ్మకు నచ్చజెబుతాను" అంటాడు. నచ్చజెప్పే మొగవాడైతే అక్కను డాక్టరు దగ్గరికి ఎందుకు పంపుతాడు?

నేను ఎంత చెప్పినా నమ్మరు. తల్లి బిడ్డకోసం ఏదైనా చెబుతుందంటారు. పాడినావిడ చేత చెప్పించమంటారు. కాబట్టి వదినా, ఒక్క ముక్క రాయి. ఆ పెద్దాయన గురుబరపల్లి వెంకటరామప్ప, నీ కన్నతండ్రి, మాకూ ఆయనకూ రక్తసంబంధం లేదు అని. అబద్ధం కాదు కదా. నీ నాన్న బొల్లి నా బిడ్డ మెడలో తాళికి అడ్డం రాకూడదు.

ఆ రోజు సంగతి నువ్వు మనసులో పెట్టుకున్నావని నాకిప్పుడు తెలిసింది. పెట్టుకోవడానికి ఏముంది అందులో? ఆయన్ను ఎవరూ పస్తు పంపలేదు. వేడివేడిగా అన్నీ వడ్డించారు, ఫ్యాన్ కూడా పెట్టించాం. మా అత్తవాళ్ళు ఎదుటి వరసలో కూర్చున్నారు, నేనేం చేయను? అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు.

కస్తూరి

*

కృష్ణగిరి
9 సెప్టెంబరు

కస్తూరీ,

వినాయక చవితి ఉండ్రాళ్ళు చేయడం పూర్తయింది, ఇల్లు సద్దుమణిగింది. ఇప్పుడు తీరిగ్గా నీకు పాట అర్థం చెబుతాను. అడిగావు కాబట్టి విను.

విస్తరి ఎవరిదో అడిగి కూర్చోండి. మా నాన్న ఎవరినీ అడగలేదు. కూతురిని ఇచ్చిన ఇంట్లో పెళ్ళి కదా అని, నీకోసం గంప నిండా పనసకాయలు మోసుకొచ్చి, కాళ్ళు కడుక్కుని మొదటి బంతిలో కూర్చున్నాడు. ఆకు మీద నీళ్ళు కూడా చల్లుకున్నాడు.

ముందరి బంతిలో మురిపెం. అది నువ్వు. పెళ్ళిపీటల దగ్గరినుంచి అటు చూసి, మీ అమ్మ చెవిలో ఏదో చెప్పావు. ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపకూడదని కుక్కకు కూడా తెలుసు. మీ అమ్మకు అందుకే భయం వేసింది, ఆ పని తాను చేయలేదు, ఇంకెవరిచేతా చేయించలేదు. నన్ను పంపింది. "నీ నాయన గదా, నువ్వు చెప్తే తప్పు పట్టడు" అంది. నేను పోయి మా నాన్న భుజం మీద చెయ్యి వేశాను. ఆయన నా ముఖం చూశాడు. "లేస్తాలేమ్మా, దాంట్లో ఏముండాది. ఆ గదిలో గాలి బాగుంటాది" అన్నాడు.

తెల్లని చేతులు. గదిలో ఒక్కడే ఉన్నాడు, చూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఎడమ చెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని తిన్నాడు. కన్నీట ఉప్పు ఎవరిదో నీకు చెప్పక్కరలేదు. ఆ తర్వాత ఆయన మీ గడప తొక్కలేదు. మీ అన్న రెండుసార్లు పిలిచాడు, నువ్వు ఒక్కసారి కూడా పిలవలేదు. ఇరవై ఏళ్ళు అంటావు. నాకు అప్పుడు ఇరవై మూడు.

పాడినందుకు నాకు బాధ లేదు. వియ్యపురాలా అని పాడుతూ నేను నీ ముఖమే చూశాను. నువ్వు చేతిలో పాయసం గిన్నె పట్టుకుని నవ్వుతూ తిరుగుతున్నావు. నీకు తగలలేదు. ఎవరికో తగిలింది, అది తిరిగి సహనకు తగిలింది. ఆ పిల్లకోసం మాత్రం బాధగా ఉంది.

అయినా నువ్వడిగింది నేను రాయలేను. ఎందుకో చెబితే నీకు అర్థమవుతుంది. నువ్వు ఆడబిడ్డవని కాదు, మేఘకు మేనత్తవని చెబుతున్నాను. ఉగాది తర్వాత మేఘ ఎడమ మణికట్టు మీద తెల్లటి మచ్చ వచ్చింది. చింతగింజంత ఉండేది, ఇప్పుడు కొంచెం పెరిగింది. బెంగళూరులో చూపించాం. నొప్పి ఉండదు, ఎవరికీ అంటదు, మందు వాడితే తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు డాక్టరు. దానికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మీ అన్నకు కూడా చెప్పలేదు. మహేంద్ర వాళ్ళకు నేనే నిదానంగా, ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. దాచి పెళ్ళి చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ మాట నా నోటినుంచి పోవాలి, ఊరి నోటినుంచి కాదు. ఆ పెద్దాయన నా తండ్రి అని ఇవాళ సంతకం పెట్టి ఇస్తే, రేపు అందరూ మేఘ చేతులే చూస్తారు.

వాళ్ళకు ఇంకేమైనా చెప్పు. వంటవాళ్ళ బంధువని చెప్పు, ఎదురింటి మనిషని చెప్పు. ఈ ఉత్తరం చదివి స్టవ్ మీద కాల్చెయ్యి. నిన్ను నేను ఇంతవరకు ఏదీ అడగలేదు.

వదిన

*

హోసూరు
20 సెప్టెంబరు

వదినకు,

కోపం తెచ్చుకోకుండా చదువు. ఉత్తరం కాల్చలేదు.

రెండు రోజులు బీరువాలో పెట్టాను. కాల్చాలనే స్టవ్ దాకా పోయాను కూడా. అప్పుడే సహన వచ్చి, నితిన్‌కు ఉంగరం తిరిగి ఇచ్చేస్తానని చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు, అదే నన్ను భయపెట్టింది. నాకు ఇంకేమీ తోచలేదు. ఉత్తరం తీసుకుని జనార్ధనరావుగారింటికి పోయాను. నాలుగు వాక్యాలు మాత్రమే చదివి మడిచేద్దామనుకున్నాను. చాందిని పక్కన కూర్చుని నాతోపాటు చదివింది, ఏదీ వదిలేయడానికి లేకపోయింది. నా గురించి నువ్వు రాసిన మాటలన్నీ నా నోటితోనే వాళ్ళ హాల్లో చదువుకున్నాను. ఆ శిక్ష నీకు చాలకపోతే ఇంకేం చేయమంటావు?

ఒకటి చెప్పనా? ఆ లేపిన సంగతి విని నితిన్ తల్లి ఏమందో తెలుసా. "పెళ్ళన్నాక ఎవరైనా అంతే చేస్తారండీ, మేమైనా లేపేసేవాళ్ళం" అంది. ఆ మాటతో నా మనసు తేలికైంది. నువ్వే దాన్ని ఇన్నాళ్ళూ పెంచి పోషించావు.

వాళ్ళకు అంతా స్పష్టమైంది. ఆ రక్తం మాది కాదని నీ చేతిరాతలోనే ఉంది. నవంబరు పదిహేడున ముహూర్తం. సహన మళ్ళీ అన్నం తింటోంది. ఇప్పుడు నీ ఉత్తరాన్ని దేవుడి గదిలో పెట్టుకున్నా తప్పులేదు.

మహేంద్ర వాళ్ళకు తెలిసింది నావల్ల కాదు. చాందినికి వాళ్ళ అమ్మాయి స్నేహితురాలట. ఆమె నోరు నేనెలా పట్టుకోను? అయినా ఎప్పటికైనా తెలిసేదే. నేను ఊరికే కూర్చోలేదు, తళి ఊళ్ళో గులాబీల గ్రీన్‌హౌస్ ఉన్న చెన్నకేశవ అనే అతనితో మాట్లాడించాను. భార్య పోయింది, ఇద్దరు పిల్లలు, వయసు కొంచెం ఎక్కువ. "మాకు అట్లాంటివన్నీ పట్టవు" అన్నాడు. పెళ్ళికి వస్తాడు, మేఘను దూరంనుంచి చూస్తాడు.

పెళ్ళిలో నువ్వే పాడాలి. చాందిని ఆ పాట రాగం బాగుందంటోంది, పెద్ద కెమెరాతో తీయిస్తుందట. మూడో చరణం వదిలేసి పాడు.

కస్తూరి

*

కృష్ణగిరి
1 అక్టోబరు

కస్తూరీ,

మహేంద్ర వాళ్ళు రావడం లేదు. కుదిరిన జాతకం ఇప్పుడు కుదరలేదట. ఆ ఫోన్ మీ అన్నే తీశాడు, అప్పుడు ఆయనకు అంతా చెప్పాల్సి వచ్చింది. నీ ఉత్తరం చదివాడు. నీమీద ఒక్క మాట అనలేదు. "కస్తూరికి దాని బిడ్డే ముఖ్యం. నీకెందుకు రాయాలనిపించింది?" అన్నాడు. మేనమామగా పెళ్ళికి వస్తాడు, కొత్త పంచె కూడా కొనుక్కున్నాడు.

మేఘ ఆదివారం వచ్చింది. పెళ్ళికి పిలుస్తూ ఫోన్లో నువ్వు దాని చెయ్యి గురించి అడిగావట. వచ్చీ రాగానే "అమ్మా, నా చెయ్యి సంగతి అత్తకు ఎవరు చెప్పినారు?" అని అడిగింది. నేనే రాశానని చెప్పాను. ఇంకెవరి పేరైనా చెప్పి ఉంటే బాగుండేదేమో. కూర్చుని చారన్నం తినింది. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆఫీసులో అందరికీ తానే చూపించేశానని చెప్పింది. "నువ్వూ అత్తా నా చేతిమీద కొట్లాడుకుంటా ఉండారు. నన్ను ఎవరైనా అడిగినారా?" అంది. ఇక ఆదివారాలు రానంది. చెన్నకేశవ సంగతి చెప్పలేదు, చెప్పే ధైర్యం నాకు లేదు.

బస్సు ఎక్కేముందు ఒకటి చెప్పింది. "అత్త పిలిచింది గదా. సహన పెండ్లికి రావాలనే ఉండాది నాకు. ఏ బంతిలో కూర్చోబెడతాదో అడిగి చెప్పు, అప్పుడు వస్తా" అని. ఎగతాళికి అన్నదో నిజంగా అన్నదో నాకు తెలియలేదు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ నీ ఇంట్లోనే గడిపింది అది. నువ్వు కలిపి పెట్టిన ముద్ద తప్ప ఇంకొకరిది తినేది కాదు.

నీతో కొట్లాడే ఓపిక నాకు అయిపోయింది. నువ్వు పాడమన్నట్టే పాడతాను. మూడో చరణమే కాదు, నీకు గుచ్చుకునే ప్రతి మాటా తీసేస్తాను. కెమెరా ముందు నవ్వుతాను కూడా. ఒక్కటి చెయ్యి. మొదటి బంతిలో, సహన పక్కన, మేఘకు ఆకు వేస్తానని రాయి. నీ చేతిరాతలో రాయి, దానికి చూపిస్తాను.

అలివేలు

*

హోసూరు
5 అక్టోబరు

వదినకు,

శుభలేఖ జతచేశాను. నీ పేరు, అన్న పేరు మొదటి వరసలోనే వేయించాను, చూసుకో.

పాడతానన్నావు, నా గుండెల మీది బరువు దిగింది. సహనకు చెబితే ఎంతో సంతోషపడింది, మేఘ తప్పకుండా రావాలంది. మేఘ నా అన్న కూతురు. దాన్ని నేను వేరుగా చూస్తానా?

మొదటి బంతి మొత్తం నితిన్ వాళ్ళకే సరిపోతుంది. నెల్లూరునుంచి బస్సు వేసుకుని వస్తున్నారు, అందరూ కొత్తవాళ్ళు, అందరి కళ్ళూ పెళ్ళికూతురి పక్కనే ఉంటాయి. వాళ్ళు లేచాక రెండో బంతిలో కూర్చోమను, నేనే దగ్గరుండి వడ్డిస్తాను. ముందే చెబుతున్నాను కాబట్టి కూర్చున్నాక లేపే అవసరం రాదు. ఈ మాట దానికి చూపించు, నొచ్చుకోదు, తెలివైన పిల్ల.

దానికి పట్టుచీర నేనే తీశాను, పసుపు రంగుకు ఎర్రంచు. జాకెట్టు మణికట్టు దాకా చేతులు పెట్టి కుట్టిస్తాను. మంగళవారం మాదేశ్ వస్తాడు, కొలతలు పంపు.

ప్రేమతో
కస్తూరి